చేత్తో తిప్పిన రక్తం

ఆపకూడదు. మిషన్లు చూసుకునే టెక్నీషియన్ ప్రవీణ్ ఈ మాట చెప్పి పిడి నా చేతిలో పెట్టి పక్క మంచం దగ్గరికి పరుగెత్తాడు. "బాణం గుర్తు ఎటుంటే అటే తిప్పన్నా, మెల్లగా, ఆపకుండా. ఆపితే రక్తం గడ్డ కడ్తాది." అందుకని తిప్పుతున్నాను. మిషను ముందు భాగంలో అరచేతి పాటి చక్రం, దాన్ని చుట్టుకొని ప్లాస్టిక్ గొట్టం, గొట్టంలో మా అక్క గుల్జార్‌బీ రక్తం. నేను తిప్పితే అది కదులుతుంది, తిప్పకపోతే నిలబడిపోతుంది. కరెంటు పోయింది. బయట గాలివాన, మే నెలలో మా వైపు వచ్చే మాయదారి గాలివాన, చినుకు తక్కువ దుమ్మెక్కువ, ఎక్కడో తీగల మీద చెట్టు పడిందట. ఏసీ ఆగింది. మంచాల పక్క మిషన్లన్నీ ఒక్కసారిగా కీచుమని అరిచి, ఒకదాని తర్వాత ఒకటి గొంతు పోయినట్టు ఆగిపోయాయి. లోపలి బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయట, కొత్తవి వస్తాయట. జనరేటరు ఉంది. దానికి షెడ్డు ఉంది, షెడ్డుకు పచ్చరంగు ఉంది, రంగు మీద ప్రారంభించిన పెద్దమనుషుల పేర్లున్నాయి. డీజిలు లేదు.

తిప్పుతున్నాను. అక్క కళ్ళు మూసుకుని ఉంది, ఛాతీ ఎగసిపడుతోంది, ఊపిరి తీసినప్పుడల్లా లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల దాకా వచ్చింది, ఇవాళ తీయకపోతే రాత్రి గడవడం కష్టమని సూదులు గుచ్చేటప్పుడే ప్రవీణ్ నా చెవిలో అన్నాడు. అప్పటికింకా కరెంటు ఉంది, నేను కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఈ గదిని ఫోటో తీస్తున్నాను. తెల్ల టైల్సు, నీలం తెరలు, వరసగా మిషన్లు. ప్రొద్దుటూరు చివర ఏదో ట్రస్టు వాళ్ళు నడుపుతున్న డయాలసిస్ సెంటరు, సర్కారు కార్డుంటే చాలు, పైసా కట్టక్కర్లేదు. ఒకప్పుడు మా వైపు కిడ్నీ పాడైనవాడు వేలూరుకు పోయేవాడు, పోలేనివాడు ఇంట్లోనే పోయేవాడు. ఇప్పుడు జమ్మలమడుగులో బండెక్కితే టీ చల్లారేలోపల ఇక్కడ. ఆ ఫోటో కువైట్‌లో మా రూము గ్రూపులో పెట్టి కింద రాశాను, చూడండ్రా మా జిల్లా అని. సర్దార్‌కు కోపం రావాలనే రాశాను. సర్దార్ నా పక్క మంచంవాడు, రాయచోటి మనిషి, శుక్రవారం కువైట్ సిటీ మాలియాలో మనవాళ్ళంతా చేరి మిరపకాయ బజ్జీలు తింటుంటే వాడిది ఎప్పుడూ ఒకటే పాట, మన దేశం బాగుపడదు సత్తారూ, పైన రంగేస్తాండారు, లోపల చెద అట్నే ఉండాది. నేను ఊరుకుంటానా. నీ కండ్లకే చెద పట్టింది పోరా అని, ఫోన్ తీసి డ్రోనుతో తీసిన వీడియోలు చూపిస్తాను, మైలవరం డ్యాము నీళ్ళు, గండికోట లోయ, నాలుగు వరసల రోడ్లు. వాడు చూడడు. ఇప్పుడీ ఫోటో కింద వాడేం రాశాడో చూద్దామంటే నాకు చెయ్యి ఖాళీ లేదు.

భుజం లాగుతోంది. చెయ్యి మార్చాలంటే ఒక్క క్షణం ఆపాలి, ఆ క్షణం ఆపడానికి భయం. కువైట్‌లో నేను ఒక పెద్దింట్లో డ్రైవరును, ఈ చేతులు స్టీరింగు తిప్పీ తిప్పీ గట్టిపడ్డాయనుకునేవాణ్ణి, అదంతా ఉత్తదే, వేలితో తిరిగే స్టీరింగు అది. ఆ ఇంట్లో మనుషులు లేని గదుల్లో కూడా ఏసీ నడుస్తుంది. పిల్లి పడుకునే గదిలో నడుస్తుంది. కరెంటు పోవడం అంటే ఏమిటో ఆ ఇంటి పిల్లలకు తెలియదు, ఒకసారి చిన్నవాడు అడిగాడు, మీ ఊళ్ళో లైటు దానంతటదే ఆరిపోతుందా అని, నేను రోషంతో అదంతా పాతకాలం బాబూ అన్నాను. ఆ చల్లదనంలో నిలబడి తలుచుకుంటే ఊరు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అంత దూరానికి దుమ్ము రాదు. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్కడి మిగతా సాయిబులు మీరేం సాయిబులురా అని నవ్వుతారు, ఆ నవ్వుకు కూడా నేను ఊరినే అడ్డం పెట్టుకున్నాను, మా ఊరు చూశారా, మా రోడ్లు చూశారా అని.

రోడ్లు చూశాను, అబద్ధం ఎందుకు. బెంగళూరు విమానాశ్రయం నుంచి ఉమైర్ నన్ను తన బొలెరోలో తెచ్చాడు. ఉమైర్ అక్క కొడుకు, ఒక్కగానొక్కడు, ముప్పై దాటాయి, అదిగో ఇప్పుడు గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి ఫోన్ చూసుకుంటున్నవాడు. కదిరి దాటి పులివెందులలోకి దిగుతుంటే పొద్దు పొడిచింది. రోడ్డు మధ్య పూలచెట్లు, అటూ ఇటూ చీనీ తోటలు, అరటి తోటలు, కొత్త కట్టడాలు, చక్రం కింద ఒక్క గుంట లేదు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక అడ్డరోడ్డు దగ్గర ఆడవాళ్ళు కొందరు కొత్త సంచులు పట్టుకుని జీపు కోసం నిలబడి ఉంటే ఎవరురా వీళ్ళు అన్నాను. "గల్ఫుకు పోయేటోళ్ళు మామా, మెడికల్ పరీక్షకు పోతాండారు" అన్నాడు. రోడ్డు మారింది, రోడ్డెక్కి పోయేవాళ్ళు మాత్రం వాళ్ళే. ఆ మాట మనసులోకి వస్తుండగానే ముద్దనూరు వచ్చింది, దూరంగా కరెంటు తయారుచేసే పొడుగు పొగగొట్టాలు కనిపించాయి, వాటినీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను, ఆ మాట మరిచిపోయాను. పెట్రోలు బంకు దగ్గర ఆపరా, డీజిలు నేను పోయిస్తానన్నాను. ఉమైర్ నవ్వాడు. "డీజిలు సంగతి నువ్వు యోచన చెయ్యొద్దు మామా, మనకు దానికి కొదవల్యా." మేనమామ జేబులో చెయ్యి పెట్టనివ్వని పిల్లవాడు, ఎంత మర్యాద అని పొంగిపోయాను.

ఇల్లు కూడా చూసి పొంగిపోయాను. పైన ఇంకో అంతస్తు, గేటుకు ఇత్తడి పూలు. మెట్ల కింద నల్ల క్యాన్లు వరసగా, పైన గోనెపట్టా, ఇల్లంతా డీజిలు వాసన. ఇదేందక్కా అంటే "బోరు మోటరుకురా" అని వంటింట్లోకి పోయింది, మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు. నేను దిగిన రోజు ఆమె డయాలసిస్ రోజు. పోలేదు. "తమ్ముడొచ్చిన పూట సూదులు పొడిపిచ్చుకోమంటావా, ఈసారికి పోను" అని పొట్టేలు కూర చేసింది, సంగటి కెలికింది, తను తాగకూడని నీళ్ళు నాతోపాటు కూర్చుని గ్లాసులకు గ్లాసులు తాగింది. నేను తిన్నాను. బాగుందక్కా, ఇంకొంచెం వెయ్యి అన్నాను. నాకోసం ఒక పూట మానేస్తే చేరిన నీరు ఇప్పుడు ఆమె ఊపిరితిత్తుల్లో ఉంది. తిప్పుతున్నాను. అక్కా, ఆపలేదు చూడు, తిప్పుతూనే ఉన్నాను.

కువైట్‌కు మొదట పోయింది నేను కాదు, ఈమె. మొగుడు ఎర్రగుంట్ల వైపు బండల గనిలో పోయినప్పుడు ఉమైర్‌కు ఇంకా సరిగా నడక రాదు. వాణ్ణి మా అమ్మ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కింది, ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా. వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కింది, దిగింది, మోకాళ్ళు అరిగితే నొప్పి మాత్రలు మింగింది, ఏళ్ళ తరబడి మింగింది, మోకాళ్ళు ఊరుకున్నాయి, కిడ్నీలు పోయాయి. నన్ను అక్కడికి పిలిపించింది ఆమే. ఉమైర్‌కు అమ్మ అంటే ఫోనులో ఒక గొంతు, అట్టపెట్టెలో వచ్చే టాంగు డబ్బా. వాడు డిగ్రీ చేశాడు, ఉద్యోగానికని ఫ్యాక్టరీల చుట్టూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు, పోయిన ప్రతిచోటా నువ్వు ఎవరి మనిషివి అని అడిగారట. ఎవరి మనిషినీ కానంటే బయటికి పంపారట. అట్లా తిరిగి తిరిగి చివరికి ఒక చిన్న లీడరుకు మనిషయ్యాడు, అప్పటి నుంచి సప్లయి చేస్తున్నాడు. ఏం సప్లయిరా అంటే "అన్నీ మామా" అంటాడు. అన్నీ అంటే ఏవో నేను అడగలేదు. ఇల్లు లేచింది, బొలెరో వచ్చింది, వాళ్ళమ్మను మంచం దాకా నడిపించుకుని వచ్చి చెప్పులు విడిచి పక్కన పెడతాడు, అంతకన్నా ఇంకేం అడుగుతారు.

గదంతా చెమట వాసన, మందుల వాసన. ఒక్కో మంచం పక్కన ఒక్కో మనిషి వంగి చక్రం తిప్పుతున్నాడు. ప్రవీణ్ ఒక్కడు, నర్సు చందన ఒక్కతె, తలుపు వైపు మంచాల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికే గొట్టాల్లో రక్తాన్ని ఒంట్లోకి వెనక్కి ఎక్కిస్తూ వస్తున్నారు, మేము కిటికీ వైపు చివర. పక్క మంచం భారతమ్మది. ఆమె మొగుడు నారాయణ పిడి పట్టుకున్నాడు, జమ్మలమడుగు అవతల నల్లరేగడిలో శనగ వేసే మనిషి, వయసైపోయింది, చేతివేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. రెండేళ్ళుగా అక్క, భారతమ్మ పక్కపక్క మంచాలే, తమ్ముడొస్తాండాడని అక్క ఆమెకు ఎన్ని రోజుల ముందు నుంచి చెప్పిందో, నేను లోపలికి రాగానే భారతమ్మ నవ్వి "కువైటు తమ్ముడు ఈయప్పేనా, నల్లగయినాడే" అంది. ఇప్పుడు ఆమె నోరు తెరిచి గాలి కోసం చూస్తోంది. "జనరేటరుకు నూనె యాడబోయె ప్రవీణూ?" అని అడిగాడు నారాయణ తిప్పుతూనే. ప్రవీణ్ తలెత్తి గుమ్మం వైపు చూశాడు, నా మేనల్లుడి వైపు. చూసి, మళ్ళీ గొట్టం మీదికి వంగాడు. ఉమైర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు భారతమ్మకు వాంతి వచ్చింది. వెల్లకిలా పడుకున్న మనిషి, గొంతుకు అడ్డం పడుతుందని నారాయణ పిడి వదిలేశాడు, రెండు చేతులతో ఆమె తల పక్కకు తిప్పి పట్టుకున్నాడు, కండువాతో నోరు తుడిచాడు, "ఏంకాదు, ఏంకాదులే" అంటున్నాడు. నేను అరిచాను, నారాయణప్పా చక్రం, చక్రం అని. ఆయనకు వినబడలేదు. నా ఎడమ చెయ్యి చాపాను, అందలేదు. ఇంకో అడుగు జరిగితే అందేది, జరిగితే అక్క చక్రం ఆగేది. జరగలేదు. ఎంతసేపు, కొంచెం సేపే, ఒక మనిషి పెళ్ళాం మొహం తుడిచేంతసేపు. ఆయన మళ్ళీ పిడి పట్టుకుంటే అది కదల్లేదు. ప్రవీణ్ పరుగెత్తుకొచ్చి ఫోన్ లైటు వేసి చూశాడు, గొట్టంలో ఎరుపు నల్లబడింది. "గడ్డ కట్టింది పెద్దాయనా, ఇది ఇంక పనికిరాదు" అని గొట్టాలకు క్లిప్పులు వేశాడు. నారాయణ పొలం మనిషి, బిందెడు నీళ్ళు ఒలికిపోతేనే ఒప్పుకోడు. "ఆయమ్మకు ఉండేదే రోంత రక్తం గదప్పా, పారేస్తారా" అని అడిగాడు.

ఉమైర్ బయటికి పోయాడు. కిటికీలోంచి కనబడుతున్నాడు, దుమ్ములో తల వంచుకుని బొలెరో దగ్గరికి. నేను తిప్పుతూ చూస్తున్నాను. వెనక తలుపు తీశాడు, లోపలి నుంచి క్యాను తీశాడు, నల్ల క్యాను, మెట్ల కింద ఉన్నలాంటిదే. సీటు కింద చెయ్యి పెట్టి వెతక్కుండానే ఒక రబ్బరు గొట్టం లాగాడు, మెడలో వేసుకున్నాడు. కారులో గొట్టం ఎందుకుంటుంది. ట్యాంకు మూత తీసి గొట్టం లోపలికి దించాడు, ఎంత దించాలో చూసుకోలేదు, నోటితో ఒక్కసారి పీల్చి, సరిగ్గా డీజిలు పెదవికి తగిలే ముందే వేలు అడ్డం పెట్టి క్యానులోకి వంచాడు, ఒక్క చుక్క కింద పడలేదు. ఇరవై ఏళ్ళుగా డ్రైవరును, గొట్టంతో తీయడం వచ్చినవాడికీ రానివాడికీ తేడా నాకు తెలుసు, రానివాడు దగ్గుతాడు, ఉమ్ముతాడు. ఉమైర్ ఉమ్మలేదు. షెడ్డుకు తాళం ఉంది. ఆ తాళం చెవి తన జేబులోంచే తీశాడు. బోరు మోటరు కరెంటుతో కదా తిరిగేది అని అప్పుడు తట్టింది నాకు. అక్క నా మొహం చూస్తోంది. ఎప్పటి నుంచి కళ్ళు తెరిచి ఉందో. పులివెందుల రోడ్డు మీద నా కింద ఒక్క కుదుపు లేకుండా పరిగెత్తిన డీజిలు, నేను పొంగిపోయిన మర్యాద, పొట్టేలు కూర కోసం సంత దాకా పోయి వచ్చిన బండి, ఇవాళ పొద్దున ఆమెను ఇక్కడికే ఎక్కించుకొచ్చిన బండి. నాకు కోపం వచ్చింది, వాడి గల్లా పట్టుకుని ఈడ్చుకు రావాలన్నంత కోపం, ఆ కోపంతో చెయ్యి వేగం పెరిగితే చందన "మెల్లగన్నా, మెల్లగ" అంది. మెల్లగా తిప్పాను. వాణ్ణి కొట్టడానికి పోవాలంటే వాళ్ళమ్మ రక్తం ఆపి పోవాలి.

జనరేటరు రెండుసార్లు దగ్గి అందుకుంది. లైట్లు వచ్చాయి, ఏసీ కదిలింది, మిషన్లు కూతలు పెట్టాయి. ప్రవీణ్ నా చేతి మీద చెయ్యి వేసి, పిడి మడిచి లోపలికి తోశాడు. చక్రం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది, నేను తిప్పినదానికన్నా ఎంతో నున్నగా. నా చెయ్యి మాత్రం గాలిలో ఇంకా తిరుగుతూనే ఉంది. అక్క ఊపిరిలో గరగర ఉంది, కానీ ఊపిరి ఉంది, నీరు దిగడం మొదలైందని ప్రవీణ్ అన్నాడు. భారతమ్మ మిషను పక్కకు నెట్టేశారు. ఆమె మొహం సున్నం కొట్టినట్టుంది, కడపకు తీసుకుపోవాలి, రక్తం ఎక్కించాలి అని చందన అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. ఉమైర్ లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు, వాడితోపాటు ఆ వాసన వచ్చింది. నారాయణ నెమ్మదిగా వాడి దగ్గరికి నడిచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి జోడించబోయాడు. "శానా మేలు జేసినావు నాయనా. నీ బండిలో నూనె తీసి పోసినావు."

"నారాయణప్పా, వానికి దండం పెట్టొద్దు." అక్క. గొంతు ఇంతే ఉంది, అయినా గదంతా వినబడింది. "ఆ నూనె వానిది గాదు. ఈడిదే. ఈ సెంటరుకు నూనె పోసే సప్లయి వానిదే, ఈ షెడ్డులోదే నా కొడుకు మోసకపోతాండాడు. దినామూ నా ఇంట్లోనే దించుతాండాడు, నేను నోరు మూసుకోని ఉండా. ఆయమ్మ రక్తం పోయిన పాపం వాందీ, నాదీ, ఇద్దరిదీ." ఉమైర్ "అమ్మా" అన్నాడు. నేను గది చుట్టూ చూశాను, ఎవరైనా ఉలిక్కిపడతారని, ఎవరైనా అరుస్తారని. ప్రవీణ్ మిషను మీద ఏదో నొక్కుతున్నాడు. చందన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అవతలి మంచాల దగ్గరివాళ్ళు వాళ్ళ వాళ్ళ దుప్పట్లు సర్దుకుంటున్నారు. గదిలో ఇంతదాకా ఆ సంగతి తెలియకుండా ఉన్నది నేనొక్కణ్ణే.

"తెలుసులే గుల్జారమ్మా," అన్నాడు నారాయణ, చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి. "అందరికీ తెలిసిందే గదా. అయినా తెచ్చి పోసినాడు. పోయకుండా బండెక్కి పోయింటే మనం ఏం జేసేవాళ్ళం?" అని, ఆగిన దండం పూర్తిగా పెట్టి, భారతమ్మ కాళ్ళ మీద దుప్పటి కప్పడానికి పోయాడు.